గరిటె మళ్లీ అమ్మకేనా?

‘ఈ పూట వంట లేదోచ్‌!’ ఆదివారం సాయంత్రం ఈ మాట వినగానే అందరికన్నా ముందు తయారైపోయేది అమ్మే. కార్ఖానాలో ఉండే ఓ అయిదుగురి కుటుంబాన్నే ఊహించుకోండి. నాన్నమ్మ శాకాహారి. నాన్నకు చికెన్‌ లేనిదే ముద్ద దిగదు. పెద్దోడికి ఎంత పెట్టినా చాలదు. చిన్నదానికి కారం పడదు. రాజీవ్‌ రహదారి ట్రాఫిక్‌ని ఈదుకుంటూ, తలకింతని కడితే తిన్నంత పెట్టే హాట్‌పాట్‌ రెస్టారెంట్‌కి చేరుకుంటారు. తీరా చూస్తే బల్ల మధ్యలో పొయ్యి, దానిమీద కుతకుతలాడే సూపు! చుట్టూ ఆకుకూరలు, పుట్టగొడుగులు, నూడుల్స్‌, పల్చగా కోసిన మాంసం... అన్నీ పచ్చివే. వండుకోవాల్సింది మనమే.

ఇంకేం, గరిటె ఎవరి చేతికి వెళ్తుందో వేరే చెప్పాలా!

చైనాలో దీని పేరు ‘హువోగువో’. హువో అంటే నిప్పు, గువో అంటే వంటపాత్ర. జపాన్‌వాళ్ల ‘షాబు షాబు’ కూడా ఇలాంటిదే. పల్చటి ముక్కను మరిగే నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తే వచ్చే చప్పుడే దాని పేరు. ఇక సిచువాన్‌ రుచి ‘మాలా’ సంగతి... గుంటూరు కారానికి జంకని నాలుక కూడా దాని దగ్గర తికమకపడుతుంది. ‘లా’ అంటే కారం, అది ఎండుమిర్చిది. ‘మా’ అంటే తిమ్మిరి, అది సిచువాన్‌ మిరియాలది. చోంగ్‌చింగ్‌ సంప్రదాయంలో ఆ ఎర్రటి సూపును గొడ్డు కొవ్వుతో కాస్తారు. కాబట్టి నాన్నమ్మలాంటి వాళ్లతో వెళ్లేటప్పుడు ధరకన్నా ముందు అడగాల్సింది, సూపు దేంతో చేశారని! మధ్యలో అడ్డుగోడ ఉన్న పాత్రలూ ఉంటాయి. కానీ మరుగుతున్నప్పుడు చిందే చుక్కల్ని ఆ గోడ ఆపలేదు. విడిగా చిన్న పాత్ర అడగడమే మేలు.

కడుపునిండా పెట్టడం మనకేం కొత్త కాదు. బంతి భోజనాలు, మెస్సుల్లో ఫుల్‌మీల్స్‌ ఎరిగినవాళ్లమే. కాకపోతే బంతిలో ‘ఇంకాస్త’ అని బతిమాలేది వడ్డించేవాళ్లు. ఇక్కడ బతిమాలేది మనం కట్టిన డబ్బు! హోటలువాళ్ల లెక్కా అంతే. పెద్దోడు లాగించేదాన్ని నాన్నమ్మ వదిలేసేది సర్దేస్తుంది. ఆ లెక్క తప్పితే కొంప మునుగుతుంది. 2018లో చైనాలోని చెంగ్‌డూలో ఓ హాట్‌పాట్‌ హోటలు, నెలకు 120 యువాన్లు (అప్పట్లో దాదాపు పన్నెండు వందల రూపాయలు) కడితే ఎన్నిసార్లయినా వచ్చి తినొచ్చంది. జనం ఒకరి కార్డు మరొకరికిచ్చి మరీ తిన్నారు. రెండు వారాల్లో అయిదు లక్షల యువాన్ల అప్పు మిగిలింది, తలుపులు మూతపడ్డాయి.

మళ్లీ మన బల్ల దగ్గరికొద్దాం. పచ్చిమాంసం పట్టిన పుల్లలు నోటిదాకా వెళ్లకుండా చూడాలి. చికెన్‌ లోపలిదాకా ఉడికిందో లేదో చూడాలి. చిన్నదానికి నూడుల్స్‌ చల్లార్చాలి. ఇవన్నీ అమ్మ చూస్తోంది. గంట గడిచినా ఆమె గిన్నెలో ఉన్నవి రెండు పుట్టగొడుగులు, అవీ చల్లారిపోయాయి. బిల్లులో మాత్రం ఆమెదీ ఫుల్‌ టికెట్టే.

చివరికి నాన్నమ్మే కల్పించుకుంది. కోడలి చేతిలోని గరిటె తీసి కొడుక్కి అందించింది. ఆయన చేతిలో నూడుల్స్‌ ముద్దయ్యాయి, పాలకూర ఎక్కడుందో దొరకలేదు. అయితేనేం... అమ్మ ఆ ముద్దనే వేడివేడిగా, ఊదుకుంటూ తింది.