తూటా మారితే.. మెలికా మారాలి
రైఫిల్ బ్యారెల్‌కు, తూటా పొడవుకు పొంతన కుదరకపోతే గురి తప్పుతుంది

బరువైన తూటా వాడితే గురి మెరుగవుతుందన్నది సాధారణంగా ఉన్న అభిప్రాయం. అయితే బ్యారెల్ లోపలి మెలిక దానికి సరిపోకుంటే ఫలితం తారుమారవుతుంది. అమెరికా సైన్యం వాడిన ఎం-16 రైఫిల్ చరిత్రే ఇందుకు నిదర్శనం.

ఎందుకీ మెలిక?

రైఫిల్ బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటిని ఒరుసుకుంటూ సాగే తూటా గిరగిరా తిరుగుతూ బయటికి వస్తుంది. ఎదురుగాలి ఒత్తిడి దాన్ని పల్టీ కొట్టించబోతుంది. వేగంగా తిరిగే బొంగరం ఒరిగిపోనట్లే, ఈ భ్రమణమే తూటాను నిలకడగా ఉంచుతుంది. ఒక పూర్తి చుట్టుకు ఎన్ని అంగుళాలు పడుతుందన్నదే మెలిక కొలత. అంగుళాలు తగ్గేకొద్దీ మెలిక బిగుస్తుంది.

పొడవే కీలకం

వ్యాసం మారకుండా బరువు పెరగాలంటే సాధారణంగా తూటా పొడవు పెరగాలి. పొడవైన తూటాకు మరింత భ్రమణం అవసరం. బ్రిటన్ గణిత శాస్త్రవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో దీనికి సులువైన సూత్రం చెప్పారు. తూటా పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లో లెక్కించి, ఆ అంకెతో 150ని భాగించాలి. అన్ని వ్యాసాల దూరానికి ఒక చుట్టు ఉండాలి. అధిక వేగపు తూటాలకు 150 బదులు 180 తీసుకుంటారు.

ఎం-16 నేర్పిన పాఠం

తొలినాళ్లలో ఈ రైఫిల్‌కు 14 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. అతిశీతల ప్రాంతాల్లో గాలి సాంద్రత పెరిగి, 55 గ్రెయిన్ల తూటా నిలకడ కోల్పోయింది. దీంతో 1963లో మెలికను 12 అంగుళాలకు మార్చారు. 1980వ దశకంలో 62 గ్రెయిన్ల తూటా వచ్చింది. లోపల ఉక్కు మొన ఉండటంతో దాని పొడవు పెరిగింది. పాత బ్యారెల్‌లో అది గురి నిలపలేకపోయింది. దానికి 9 అంగుళాల మెలిక సరిపోయేదే. కానీ వెలుగు చిమ్ముతూ వెళ్లే ట్రేసర్ తూటా ఇంకా పొడవైనది. అందుకే ఎం-16ఏ2 రైఫిల్‌కు 7 అంగుళాల మెలిక పెట్టారు. ఆ బ్యారెల్ నుంచి వెలువడే తూటా నిమిషానికి సుమారు 3 లక్షల చుట్ల వేగంతో తిరుగుతుంది.

గుర్తించేదెలా?

కాగితపు లక్ష్యంపై గుండ్రని రంధ్రానికి బదులు కోలగా పడితే తూటా అడ్డం తిరిగిందని అర్థం. మెలిక చాలలేదనడానికి ఇది ముఖ్యమైన సూచన. అలాగని మితిమీరిన మెలికా మంచిది కాదు. పలుచని తొడుగు గల తేలిక తూటాలు ఆ భ్రమణానికి గాలిలోనే ఛిద్రమయ్యే ప్రమాదముంది. కనుక తూటా బరువొక్కటే కాక, దాని పొడవును, బ్యారెల్ మెలికను సరిచూసుకున్నాకే ఎంపిక చేసుకోవాలి.