పద్నాలుగో రోజు మాత్ర

మందు పడితే మలేరియా జ్వరం ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. మన్యంలో పనిచేసే వైద్య సిబ్బందికి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఒళ్లు తేలికపడగానే మనిషి పోడుకు వెళ్లిపోతాడు. మిగిలిన మాత్రలు చూరులో ఉండిపోతాయి. వైవాక్స్ రకం పరాన్నజీవి కాలేయంలో దాక్కుని, వారాలో నెలలో గడిచాక మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపాలంటే ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. సంచార వైద్య బృందం ఊళ్లో ఉండేది కొన్ని గంటలే.

మిగతా రోజుల సంగతి తెలుసుకుందామనే అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచంగిపుట్టు మండలంలోని ఒక కొండ గూడేనికి 104 సంచార వైద్య బృందం వెంట వెళ్లాను. దారి ఉన్నంత వరకే వాహనం. ఆ తర్వాత మందుల సంచులు భుజాలకెక్కాయి. ఆశా కార్యకర్త కిందిదాకా ఎదురొచ్చింది. అక్కడివాళ్ల మాట ఆదివాసీ ఒడియా, డాక్టరుది తెలుగు. ఇద్దరికీ మధ్య ఆమే వారధి.

చింతచెట్టు కింద పని మొదలైంది. జ్వరంతో వణుకుతున్న పదేళ్ల పిల్లవాడి వేలికి సూది గుచ్చి, ఒక్క చుక్క రక్తాన్ని మలేరియా పరీక్ష కిట్టు మీద వేశారు. ఫలితానికి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి. రెండో గీత తేలింది. ఫాల్సిపారం. మెదడుకు పాకితే ప్రాణం తీసే రకం. దీనికి మూడు రోజుల మందు. వయసును బట్టి అట్టకో రంగు: ఏడాది లోపు పిల్లలకు గులాబీ, నాలుగేళ్ల దాకా పసుపు, ఎనిమిదేళ్ల దాకా ఆకుపచ్చ, పద్నాలుగేళ్ల దాకా ఎరుపు, పెద్దలకు తెలుపు. చదువు రాని తల్లి కూడా పొరబడకుండా చేసిన ఏర్పాటు ఇది. ఎవరి ఆలోచనో గానీ చేతులెత్తి మొక్కాలనిపించింది. ఎర్ర అట్టలోంచి మొదటి మోతాదు అక్కడికక్కడే మింగించారు. మిగతాది ఆశా చేతికిచ్చారు, తల్లికి కాదు. రేపూ ఎల్లుండీ ఆమే వెళ్లి ఎదురుగా నిలబడి వేయిస్తుంది.

ఏడో నెల గర్భిణి ఒకామెకు హిమోగ్లోబిన్ ఏడు కన్నా తక్కువ ఉంది. కాన్పులో కాస్త రక్తం పోయినా తట్టుకోలేదు. పాడేరు ఆసుపత్రికి ఇప్పుడే రమ్మని ఏఎన్‌ఎం బతిమాలింది. అత్తగారు ఒప్పుకోలేదు. "చోడి (రాగి) కోతలొచ్చాయి. పెద్ద పిల్లల్ని ఎవుళు చూస్తారమ్మా?" అందావిడ. ఆ ప్రశ్నను మూఢత్వమని కొట్టిపారేయడం అన్యాయం. గర్భిణుల కోసం సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నడిపిన వసతి గృహం లాంటివి ఎంతో మంచి ఏర్పాటు. కానీ ఇంట్లో మిగిలే పిల్లల పూచీ ఎవరిదో తేలందే తల్లి కదలదు. ఆ మధ్యాహ్నం ఆశా కార్యకర్త గట్టు మీద కూర్చుని, ఏ బిడ్డ ఎవరింట్లో తినాలో, ఏ చేను ఎవరు కోయాలో చుట్టాలతో మాట్లాడి తేల్చింది. ఇద్దరు ఆడబడుచులు ఒప్పుకున్నాక అత్తగారు మెత్తబడింది. ఇదీ వైద్యమే. ఏ రిజిస్టరులోనూ దీనికి గడి లేదు.

ప్రతి నెలా నిర్ణీత తేదీన 104 వ్యాను ఊరికి రావాలన్న పద్ధతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నాటిది. 2020 జులై 1న విజయవాడలో వెయ్యికి పైగా 104, 108 వాహనాలు ఒకేసారి రోడ్డెక్కాయి. ఖోండు, గదబ, పోర్జా వంటి అత్యంత వెనుకబడిన తెగల కోసం 2023 నవంబరులో కేంద్రం ప్రారంభించిన పీఎం జన్‌మన్‌లోనూ సంచార వైద్యశాలలున్నాయి. బీపీ, షుగరు ఉన్న ముసలివాళ్లకు ఆ తేదీ తప్పకపోవడం చాలా పెద్ద సంగతి. ఒక నెల బండి రాకపోతే మాత్రలు ఆగినట్టే.

అయితే మనం బండ్లను లెక్కపెట్టినంత శ్రద్ధగా మాత్రలను లెక్కపెట్టడం లేదు. ఆ లెక్క ఆశా కార్యకర్త దగ్గర ఉంది. ఏ ఇంట్లో ఎవరు ఎన్నో రోజు మాత్ర వేసుకున్నారో ఆమె బడిపిల్లల నోటుపుస్తకంలో గీతలు గీసుకుంటుంది. వెయ్యి మందికి ఒక ఆశా అన్నది మైదానాల కొలత. కొండ ప్రాంతాల్లో ఒక్కో ఆవాసానికి ఒకరిని పెట్టుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. దాన్ని పూర్తిగా వాడుకోవాలి. కిట్లు, రంగుల అట్టలు, ప్రైమాక్విన్ మే నెలలోనే ఆమె ఇంటికి చేరాలి. జులైలో వాగు పొంగితే బండే కాదు, డోలీ కూడా దాటలేదు.