మందుకు లొంగని మలబద్ధకానికి తర్ఫీదు

ఆముదం తాగారు. సునాముఖి వాడారు. ఇసబ్గోల్ కూడా అయింది. అయినా పొద్దున్నే గంటసేపు ముక్కవలసిందే. ఇలాంటి వారిలో కొందరికి అసలు లోపం మలద్వారం కండరాల్లో ఉంటుంది.

విసర్జన వేళ పొట్ట కండరాలు కిందికి నెట్టాలి, మలద్వారం కండరాలు సడలాలి. వీరిలో అవి ముక్కినకొద్దీ బిగుసుకుంటాయి. గడియ వేసి తలుపు నెట్టినట్టే! దీర్ఘకాల మలబద్ధకంతో నిపుణుల వద్దకు వచ్చేవారిలో దాదాపు మూడో వంతు మందిది ఈ బాధేనని అంచనా.

ముందు పరీక్ష తప్పనిసరి. వైద్యులు వేలితో చూస్తారు. 50 మిల్లీలీటర్ల నీటి బుడగను లోపల ఉంచి, బయటికి నెట్టమంటారు. నెట్టలేకపోతే ఈ లోపాన్ని అనుమానిస్తారు.

దీనికి 'బయోఫీడ్‌బ్యాక్' అనే తర్ఫీదు ఉంది. కోత లేదు. సన్నని గొట్టాన్ని మలద్వారంలో ఉంచుతారు. కండరం బిగిసినా, సడలినా ఎదుట తెరపై గీత కదులుతుంది. దాన్ని చూస్తూ పొట్టతో నెట్టడం, కింద వదులు చేయడం నేర్చుకోవాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరుసార్లు వెళ్ళాలి. ఇంటి వద్ద కూడా సాధన చేయాలి.

మందుకూ, తర్ఫీదుకూ తేడా ఎంత? ఇటలీలో 109 మందిపై జరిపిన పరిశోధన 2006లో వెలువడింది. ఆరు నెలల తర్వాత తర్ఫీదు పొందినవారిలో 80 శాతం మందికి, విరేచనాల మందు వాడినవారిలో 22 శాతం మందికి బాగా గుణం కనిపించింది.

సిగ్గుతో ఏళ్ళ తరబడి దాచుకోవద్దు. దగ్గరి ఆస్పత్రిలో చెప్పి, ఉదరకోశ నిపుణులకు చీటీ రాయించుకోండి. రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా అసలే జాగు చేయరాదు.