చిట్టెలుక గుండెలో తటస్థ బిందువు

ఎంఆర్ఐలో ఐరన్ ఆక్సైడ్ రేణువులు నల్లమచ్చలుగా పడతాయని క్లాసులో చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "ఊపిరితిత్తులు మామూలుగానే నల్లగా వస్తాయిగా సార్, అందులో మచ్చనెలా పోల్చుకుంటారు?" కష్టమే. గాలి నిండిన చోటునుంచి ఎంఆర్ఐకి పెద్దగా సిగ్నల్ రాదు.

హాంబర్గ్‌లోని ఫిలిప్స్ ప్రయోగశాలలో బెర్న్‌హార్డ్ గ్లైక్, యూర్గెన్ వైజెనెకర్ ఈ వ్యవహారాన్ని తిరగేశారు. కణజాలం ఊసే వద్దు, ఇనుమొక్కటే వినబడాలి! 2005లో 'నేచర్'లో వచ్చిన ఆ పద్ధతి పేరు మాగ్నెటిక్ పార్టికల్ ఇమేజింగ్.

నాకు ముచ్చటేసేది దాని కిటుకు. రెండు అయస్కాంతాల సజాతి ధ్రువాలను ఎదురెదురుగా పెడితే నడుమ ఒకచోట క్షేత్రం సున్నా అవుతుంది. ఫిజిక్స్ ల్యాబులో దిక్సూచితో వెతికే తటస్థ బిందువే అది. రక్తంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో ఆ బిందువుకు దూరంగా ఉన్నవి బలమైన క్షేత్రానికి లొంగి, ఒకే దిక్కుకు తిరిగి బిగుసుకుపోతాయి. ఇప్పుడు సెకనుకు 25,000 సార్లు ఊగే మరో క్షేత్రాన్ని పంపుతారు. బిగుసుకున్నవి ఉలకవు, పలకవు. బిందువు దగ్గరివి మాత్రం అటూ ఇటూ తిరగబడతాయి, అదీ ఓ హద్దు దాకానే. ఆపైన వాటి అయస్కాంతత్వం పెరగదు. పెళ్లిపందిట్లో మైకుసెట్టు వాల్యూమ్ మరీ పెంచితే గొంతు పగిలి పాటలో లేని మోతలు పుడతాయే, సరిగ్గా అదే జరుగుతుంది. పంపింది 25 కిలోహెర్ట్జ్. రేణువులు 75, 125 కూడా తిరిగి పంపుతాయి. పంపినదాన్ని వడగట్టేసి ఆ అదనపు వాటినే వింటే చాలు. ఎముకా కండా గాలీ ఏవీ అలా పలకవు. ఇక తటస్థ బిందువును ఒళ్లంతా పరుగెత్తించి, సిగ్నల్ వచ్చిన చోటల్లా ఇనుముందని గుర్తుపెట్టుకోవడమే.

2009లో బతికున్న చిట్టెలుక గుండె గదుల్లోంచి రక్తం సాగడాన్ని ఇలా త్రీడీలో చూశారు, ఒక్కో చిత్రానికి 21.5 మిల్లీసెకన్ల చొప్పున. తర్వాత బర్క్‌లీలో బిందువుకు బదులు గీతను వాడారు. హాంబర్గ్‌లో మనిషి తల పట్టే యంత్రమూ తయారైంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇనుము తప్ప మరేదీ కనబడదు కనుక అవయవాల ఆనవాలుకి ఎంఆర్ఐనో సీటీనో తోడు తెచ్చుకోవాలి. రేణువుల్ని కాలేయం లాగేసుకుంటుంది. మనిషంత ఒంట్లోనైతే వేగంగా మారే క్షేత్రం నరాలను జివ్వుమనిపిస్తుంది. అందుకే ఇది ఇప్పటికీ ఎక్కువగా ఎలుకల ల్యాబుల యంత్రమే.