పెదవి వాస్తే వంకాయదేనా తప్పు?

మన ఇండ్లలో ఎవరికైనా తెల్లవారేసరికి పెదవి ఉబ్బి కనబడితే ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: రాత్రి ఏం తిన్నావు? జవాబులో వంకాయ వున్నదా, ఇక విచారణ అక్కడితో సరి. వంకాయ లేకపోతే గోంగూర, అదీ లేకపోతే దిష్టి. పిల్లలు ఆ మూతిని చూచి నవ్వుతారు. రెండు రోజులలో వాపు దానంతట అదే తగ్గిపోతుంది, అందరూ మరచిపోతారు.

మల్లేశ్వరంలో మా పెద్దత్తయ్య విషయంలో సరిగ్గా యిట్లాగే జరిగింది. ఆవిడకు అరవై ఎనిమిదేండ్లు. మూడు తరాలుగా బెంగుళూరులో వున్న కుటుంబం కాబట్టి వంకాయ మా ఇండ్లలో గుత్తికూరగా ఎంత తరచుగా వస్తుందో వాంగీబాత్‌గా అంతకంటె తరచుగా వస్తుంది. ఒకనాడు వాంగీబాత్ తిన్న మరునాడు ఆవిడ పైపెదవి ఒకవైపున ఉబ్బింది. దురద లేదు, దద్దుర్లు లేవు. "వయసు మీద పడ్డది, వంకాయ పడటం లేదురా అబ్బీ" అన్నారు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో వంకాయ బందు.

ఎనిమిది నెలలు గడిచినవి. వంకాయ ముట్టకుండానే ఒక ఉదయం మళ్లీ పెదవి వాచింది. వీధి చివర క్లినిక్కులో ఎలర్జీ ఇంజక్షన్ ఒకటి ఇచ్చి ఇంటికి పంపించారు. మధ్యాహ్నానికి నాలుక దళసరెక్కి మాట ముద్దగా వచ్చింది; ఉమ్మి మింగలేక చెంగుతో తుడుచుకుంటున్నారు. అప్పుడు భయపడి పెద్ద ఆసుపత్రికి తీసుకొని పోయాము. అక్కడి డాక్టరమ్మ నోరు చూచి, తిండి సంగతి కాకుండా వేరొకటి అడిగింది: "అమ్మా, రక్తపుపోటుకు ఏ మాత్ర వేసుకుంటున్నారు?" రామిప్రిల్. మూడేండ్లుగా రోజుకొకటి.

యీ వాపును వైద్యులు ఆంజియోఈడిమా అంటారు. 1882లో జర్మన్ వైద్యుడు క్వింకె దీనిని వివరంగా వర్ణించాడు కాబట్టి చాలకాలం ఆయన పేరుతోనే పిలిచేవారు. దద్దురు చర్మం పైపొరలో లేస్తుంది. యిది దాని క్రింది పొరలో వస్తుంది. అక్కడి సన్నని రక్తనాళాల గోడలు వదులై, లోపలి నీరు చుట్టూ వున్న మెత్తని భాగాలలోనికి ఊరుతుంది. పెదవులు, కనురెప్పలు, నాలుక, గొంతు, ఒక్కొక్కప్పుడు చేతులు, పేగు గోడలు కూడ ఉబ్బుతవి. పెదవి ఎంత ఉబ్బినా ప్రాణభయం లేదు. గొంతులోపల ఉబ్బితే మాత్రం గాలి పోయే దారే మూసుకుపోతుంది.

నాళాల గోడలు ఎందుకు వదులవుతవి? యిక్కడే రెండు దారులున్నవి. ఒకటి హిస్టమిన్ అనే పదార్థం వల్ల. రొయ్యలు, పీతలు, వేరుసెనగ, తేనెటీగ కాటు, పెన్సిలిన్, నొప్పికి మనమే కొనుక్కొని మింగే ఆస్పిరిన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు - యివి పడనివారికి వచ్చే వాపు చాలవరకు యీ జాతిది. బసవనగుడి కడలెకాయి పరిషెలో పొట్లం విప్పిన కొద్ది నిమిషాలకే పిల్లవాడికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు ఉబ్బి, ఆయాసం వస్తే అది యిదే. సాధారణంగా దురదా, దద్దుర్లూ తోడుంటవి. సెట్రిజిన్ వంటి మాత్రలకు లొంగుతుంది. ఊపిరి బిగిసినా, కళ్లు తిరిగి పడిపోతున్నా తొడకండలో ఎడ్రినలిన్ ఇంజక్షన్ వెంటనే పడవలసిందే. కొందరికి ఏ కారణమూ దొరకకుండానే నెలల తరబడి వస్తూ పోతూ వుంటుంది.

రెండవ దారి బ్రాడికినిన్ అనే పదార్థానిది. దీని కథ చిత్రమైనది. బ్రెజిల్ దేశంలో జరారకా అనే రక్తపింజరి జాతి పాము విషం మీద పరిశోధన చేస్తూ 1949లో రోచా ఎ సిల్వా, ఆయన సహచరులు దీనిని కనిపెట్టారు. ఆ విషంలోనే బ్రాడికినిన్ బలాన్ని పెంచే పదార్థం ఒకటి వున్నదని 1965లో ఫెరైరా చూపించాడు. ఆ ఆనవాలు పట్టుకొని పోయి తయారుచేసిందే కాప్టోప్రిల్ అనే రక్తపుపోటు మందు. 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్లు. చివర 'ప్రిల్' అని వుంటే యీ కుటుంబమే అని గుర్తు. గుండెకు, మూత్రపిండాలకు యివి చేసిన మేలు యింతా అంతా కాదు. అయితే శరీరంలో బ్రాడికినిన్‌ను విరగగొట్టే ఎంజైమును యీ మందులు అణచివేస్తవి. ఎక్కువమందికి దానివల్ల వాపు రాదు, కొందరికి పొడిదగ్గు వస్తుంది. నూటికి ఒకరికంటె తక్కువమందికే పెదవీ నాలుకా ఉబ్బుతవి. మొదటి వారంలో రావచ్చు, మూడేండ్లు నిక్షేపంగా వాడిన తరువాతనూ రావచ్చు. ఇన్నాళ్లుగా పడిన మాత్ర యిప్పుడెందుకు పడదని అందరమూ పొరబడేది యిందుకే. చక్కెరవ్యాధికి వాడే విల్డాగ్లిప్టిన్ కూడ తోడైతే యీ ప్రమాదం కొంత పెరుగుతుంది.

యీ వాపుకు దురద వుండదు, దద్దురు వుండదు. ఎలర్జీ ఇంజక్షన్‌కు సరిగా లొంగదు. ఉదయం ఆ ఇంజక్షన్ పనిచేయకపోవడమే మాకు అందవలసిన ఆనవాలు. ఎనిమిది నెలల క్రిందటి పెదవివాపు అంతకంటె ముందు వచ్చిన హెచ్చరిక. మేము మానవలసిన మాత్రను వుంచి వంకాయను మానినాము.

పుట్టుకతో వచ్చే బ్రాడికినిన్ వాపు కూడ ఒకటున్నది. 1888లో ఆస్లర్ అనే వైద్యుడు ఒకే కుటుంబంలో ఐదు తరాలుగా యిది వుండటం వ్రాసిపెట్టాడు. సి1 ఇన్‌హిబిటర్ అనే మాంసకృత్తు లోపించడమే కారణమని 1963లో డొనాల్డ్‌సన్, ఎవన్స్ కనిపెట్టారు. సుమారు యాభై వేలమందిలో ఒకరికి వుంటుంది. తల్లికో తండ్రికో వుంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. పన్ను తీయించుకున్నా, చిన్న దెబ్బ తగిలినా, మనసు కలతపడినా వాపు రావచ్చు. పేగు గోడ వాచినప్పుడు కడుపునొప్పి భరించరానిదిగా వుండి, ఎపెండిసైటిస్ అనుకొని కడుపు కోసినవారూ వున్నారు. "వాళ్ల తాతా గొంతు వాచే పోయాడు" అనే మాట మీ వంశంలో వినబడితే అది ఊసుపోక చెప్పుకునే మాట కాదు, డాక్టరు చెవిన వేయవలసిన మాట. సి4 అనే సులభమైన రక్తపరీక్షతో మొదలుపెడతారు. మన దేశంలో దీనికి డానజాల్, ట్రానెక్సామిక్ ఆసిడ్ ఎక్కువగా వాడుతూ వచ్చారు. అత్యవసరమైతే ప్లాస్మా ఎక్కిస్తారు. బ్రాడికినిన్‌ను అడ్డుకునే ఐకాటిబంట్ వంటి ఇంజక్షన్లు వచ్చినవి గాని ఖరీదు ఎక్కువ.

ఏ జాతి వాపైనా సరే, నాలుక ఉబ్బినా, గొంతు మారినా, ఉమ్మి మింగలేకపోయినా, ఊపిరితో గురగురమని చప్పుడు వచ్చినా కషాయాలూ పసుపుపట్లూ పెడుతూ కూర్చోకూడదు. మనిషిని ఆనుకొని కూర్చోబెట్టండి. కళ్లు తిరిగి సోలిపోతుంటే మాత్రం పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా వుంచండి. నోట్లో నీళ్లు కూడ పోయవద్దు. 108కి ఫోను చేయండి - 2005లో హైదరాబాదులో మొదలైన ఆ బండి 2008 నుంచి మన కర్ణాటకలోనూ తిరుగుతున్నది. సాయంత్రం వేళ మన ఊరి రోడ్ల సంగతి తెలిసినవారు యింకా ముందే బయలుదేరుతారు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొని పొండి. ఆనాడు మేము అవి మరచిపోయి, మళ్లీ ఇంటికి ఫోను చేసి పేర్లు చదివించుకున్నాము.

పెద్దత్తయ్యను ఆ రాత్రంతా గొంతులో గొట్టం వేయడానికి అన్నీ సిద్ధంగా పెట్టుకొని కనిపెట్టి వున్నారు. అవసరం పడలేదు. మూడవనాటికి వాపు తీసింది. రామిప్రిల్ మాన్పించి వేరే రకం మాత్ర వ్రాశారు. ఎవరికివారు రక్తపుపోటు మాత్ర మానుకోవడం మరో ప్రమాదం, అది డాక్టరే మార్చాలి. మానిన తరువాత కూడ కొన్ని వారాలపాటు వాపు తిరిగి రావచ్చునని చెప్పి, ఇక ఏ 'ప్రిల్' మాత్రా యీవిడకు యివ్వకూడదని చీటీ మీద వ్రాసి ఇచ్చారు. ఆవిడ దానిని రేషను కార్డుతోపాటు దాచుకున్నారు. ఇంటికి వచ్చిన వారానికి కోడలిని పిలిచి, "యిక ఆ వంకాయలు తెప్పించవే అమ్మా" అన్నారు.