పాట వస్తుంది, మాట రాదు... ఎందుకు?

ఫోన్‌ని కారుకి కనెక్ట్ చేశాక చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇది. పాటలు స్పీకర్లలో బ్రహ్మాండంగా వినిపిస్తాయి. కాల్ వస్తే మాత్రం అవతలివాళ్ల గొంతు ఫోన్‌లోంచే వస్తుంది. వెంటనే "బ్లూటూత్ పోయింది" అని తేల్చేస్తాం. చాలాసార్లు పోయిందేమీ ఉండదు.

బ్లూటూత్‌లో ఒక్కో పనికి ఒక్కో పద్ధతి ఉంది. వాటిని ప్రొఫైల్స్ అంటారు. కాల్స్‌కి హెచ్‌ఎఫ్‌పీ, అంటే హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్. పాటలకి ఏ2డీపీ. ఫోన్‌బుక్ కారు స్క్రీన్ మీదకి రావడానికి పీబీఏపీ. ఇంటికి కరెంటు, నీళ్లు వేర్వేరుగా వచ్చినట్టే ఇవీనూ. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. కాబట్టి ముందు ఏది ఆగిందో చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌కి వెళ్లి, కారు పేరు పక్కనున్న గుర్తు నొక్కితే కాల్స్, మీడియా, కాంటాక్ట్స్‌కి విడివిడిగా స్విచ్‌లు కనిపిస్తాయి. కాల్స్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయండి, అంతే.

అసలు కనెక్టే కావడం లేదా? పెయిరింగ్ వేరు, కనెక్షన్ వేరు. మొదటిసారి పెయిర్ చేసేటప్పుడు సాధారణంగా రెండు స్క్రీన్ల మీదా ఒకే ఆరంకెల సంఖ్య వస్తుంది. మనం సరే అనగానే ఫోనూ కారూ ఒక రహస్య తాళంచెవిని తయారుచేసుకుని దాచుకుంటాయి. తర్వాత ప్రతిసారీ దాంతోనే ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. ఫోన్‌ని రీసెట్ చేస్తే దాని దగ్గరున్న తాళంచెవి పోతుంది, కారు దగ్గర పాతదే ఉంటుంది. ఇక ఎన్నిసార్లు నొక్కినా కుదరకపోవచ్చు. ఒకవైపు తీసేస్తే చాలదు. ఫోన్‌లో కారు పేరు, కారులో ఫోన్ పేరు, రెండూ తొలగించి, రెండింటినీ రీస్టార్ట్ చేసి, మళ్లీ మొదటినుంచి పెయిర్ చేయాలి.

ఇంకో రెండు చూసుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ ముందే కనెక్ట్ అయి కూర్చుందేమో. కారు గుర్తుపెట్టుకునే ఫోన్ల జాబితా నిండిపోయిందేమో. జాబితా నిండితే పాతవి తీసేయండి.

మన మాట అవతలికి సరిగా వినపడకపోతే, కారు మైక్ ఎక్కడుందో వెతకండి. చాలా కార్లలో పైకప్పు దగ్గరో, స్టీరింగ్ దగ్గరో ఉంటుంది. ఏసీ గాలి నేరుగా దానిమీదకి కొడితే అవతలివాళ్లకి హోరు తప్ప ఏమీ వినపడదు. ఏసీ తగ్గించి, అద్దాలు ఎత్తి చూడండి. కారు లేకుండా ఫోన్‌లో మాట్లాడినా అలాగే ఉంటే, తప్పు కారుది కాదు.

ఇక అందరూ మరిచిపోయే విషయం. టూర్‌కని అద్దె కారు తీసుకుని ఫోన్ పెయిర్ చేస్తాం. కాంటాక్ట్స్‌కి అనుమతిస్తే అమ్మ నంబరుతో సహా అన్నీ, కాల్ హిస్టరీతో పాటు ఆ కారులోకి చేరొచ్చు. అక్కడ అనుమతి ఇవ్వకండి. తిరిగి ఇచ్చేముందు కారులోంచి మీ ఫోన్ పేరు తప్పకుండా తొలగించండి.

ఈ మరమ్మతులన్నీ బండి ఆపి చేయాల్సినవే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఫోన్ చేతిలో పట్టుకుని వాడుతూ బండి నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కింద నేరం కావచ్చు. హ్యాండ్స్‌ఫ్రీ ఉన్నా ఖాళీ అయ్యేది చేతులే, మనసు కాదు. ఎదుట లారీ ఉన్నప్పుడు "పక్కకి ఆపి చేస్తా" అని కాల్ పెట్టేయండి.