ప్రాజెక్ట్ ఫైలు ఓపెన్ కావట్లేదా? ముందు కాపీ తీయండి!

రేపు పొద్దున ప్రాజెక్ట్ రిపోర్టు ఇవ్వాలి. ఈ రాత్రికి ప్రింట్ తీసి బైండింగ్ చేయించాలి. పెన్‌డ్రైవ్ పట్టుకుని కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ వైపో, కడప ఏడు రోడ్ల కూడలి వైపో ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్తారు. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే లోపల ఏదో తేడా ఉంది, తెరవలేనని వర్డ్ ఓ చిన్న బాక్స్ చూపిస్తుంది. ‘అన్నా, ఓపెన్ కాల్యాదు..’ అంటూ పక్కనున్న ఆపరేటర్‌ను పిలుస్తారు. కర్నూలులోని రాయలసీమ యూనివర్సిటీ, కడపలోని యోగి వేమన యూనివర్సిటీ పరిధిలో చదివేవాళ్లలో ఈ ఇబ్బంది పడ్డవాళ్లు లేదా పడ్డవాళ్లను చూసినవాళ్లు కచ్చితంగా ఉంటారు. డిగ్రీలోనే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ రిపోర్టులు రాయాల్సి వస్తుండటంతో ఈ కష్టం పీజీ, పీహెచ్‌డీ వాళ్లకే పరిమితం కాలేదు.

ఇలాంటి ఫైళ్లలో చాలావాటిని వెనక్కి తెచ్చుకోవచ్చు. అవి పోయేది ఎక్కువగా ఆ తర్వాత అరగంటలో మనం కంగారుగా చేసే పనుల వల్లే. అదే పెన్‌డ్రైవ్‌లో మళ్లీ సేవ్ చేయడం, ‘ఫార్మాట్ చేయాలా?’ అని విండోస్ అడిగితే ఎస్ కొట్టేయడం, దొరికిన సాఫ్ట్‌వేర్‌ను అదే డ్రైవ్‌లోకి దించడం.. ఈ మూడూ చేయొద్దు. పాడైన ఫైలును ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చేయండి.

అసలు లోపల ఏముంది?

2007లో వచ్చిన వర్డ్ నుంచి మనం సేవ్ చేసే డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. అందులో ‘వర్డ్’ అనే ఫోల్డర్, దాంట్లో ‘డాక్యుమెంట్’ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటాయి. మీరు టైప్ చేసిన మాటల్లో ప్రధాన భాగం ఆ ఒక్క ఫైల్లోనే ఉంటుంది. ఫొటోలు ‘మీడియా’ ఫోల్డర్‌లో వేరుగా ఉంటాయి. పేజీ ఎలా కనిపించాలో చెప్పే వివరాలు ఇంకోచోట. కాబట్టి ఫైలు పాడైందంటే అన్నీ పాడైనట్టు కాదు. ఒక ముక్క చెడినా వర్డ్ మొత్తాన్ని తెరవనంటుంది, అంతే.

జిప్ మూటలో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక చివర్లో ఉంటుంది. కాపీ అవుతుండగా పెన్‌డ్రైవ్ లాగేసినా, సేవ్ అవుతుండగా కరెంటు పోయినా ముందు తెగిపోయేది ఆ తోకే. విషయసూచిక చిరిగిన పుస్తకంలా పేజీలున్నా వర్డ్‌కు దారి తెలియదు.

ఇప్పుడు అసలు పని. వర్డ్‌లో ఫైల్, ఓపెన్, బ్రౌజ్‌లోకి వెళ్లి ఫైలును ఒకసారి క్లిక్ చేయండి. ‘ఓపెన్’ బటన్ పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే ‘ఓపెన్ అండ్ రిపేర్’ కనిపిస్తుంది. చాలామంది దీన్ని చూడకుండానే డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనేస్తారు. ఇది పనిచేయకపోతే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో తెరవండి. వర్డ్ మొరాయించిన ఫైళ్లను కొన్నిసార్లు ఇది ‘రిపేర్ చేయమంటారా’ అని అడిగి మరీ తెరుస్తుంది. పేజీ అమరిక కాస్త చెదిరినా మాటలు దక్కుతాయి.

అదీ కాకపోతే ఫైలు పేరు చివరి డాక్‌ఎక్స్ తీసేసి జిప్ అని పెట్టండి. 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విప్పండి. తోక తెగిన మూటను కూడా ఇది కొంతవరకు విప్పగలదు. డాక్యుమెంట్ ఎక్స్‌ఎంఎల్‌ను బ్రౌజర్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో తెరిస్తే ట్యాగుల గజిబిజి మధ్య మీ వాక్యాలు కనిపిస్తాయి. సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకు సమీకరణాలు ఎక్కువ కదా, ఆ ట్యాగుల వరస తప్పి ఫైలు తెరుచుకోకపోవడం వర్డ్ 2007, 2010ల్లో పేరుమోసిన తలనొప్పి. ఏ లైన్లో తప్పుందో వర్డ్ చూపించే ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంటుంది. ఎంఎల్ఏ సిఫారసు అక్కర్లేదు, ఆ మెసేజ్‌ను ఫొటో తీసుకుంటే చాలు.

ఇవన్నీ చేసే ముందు ఒక చిన్న పరీక్ష. ఫైలు కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట ఇంగ్లిష్ అక్షరాలు ‘పీ, కే’ కనిపిస్తే జిప్ మూట మిగిలే ఉంది, ప్రయత్నించొచ్చు. సైజు సున్నా చూపిస్తున్నా, లోపలంతా ఖాళీయే ఉన్నా ఆ ఫైలును ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. ‘వంద శాతం గ్యారంటీ’ అన్నవాళ్లకు డబ్బులివ్వకండి. ఫైలు పేరు చివర తెలియని అక్షరాలు చేరి, పక్కనే డబ్బులడిగే నోట్ ఉంటే అది రాన్సమ్‌వేర్ పని. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌లతో పాటు తరచూ వస్తుంది. దానికి వర్డ్ రిపేర్ పనికిరాదు. యూరోపోల్ తదితర సంస్థలు 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’లో తాళం దొరుకుతుందేమో వెతకాలి.

పాడవలేదు, ఫాంటు లేదు!

తెలుగు ఎంఏ, జర్నలిజం విద్యార్థులకు మరో చిక్కు. ఫైలు తెరుచుకుంటుంది, కానీ అంతా పిచ్చి గీతలు, ఇంగ్లిష్ గుర్తులు. కరప్ట్ అయిందని బెంబేలెత్తిపోతారు. చాలాసార్లు అది అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు, ఈ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. అంతకుమించి ఏమీ కాలేదు. డీటీపీ సెంటర్‌లో తెరిస్తే చక్కగా కనిపిస్తుంది. అక్కడే యూనికోడ్‌లోకి మార్పించుకుంటే మళ్లీ ఈ బాధ ఉండదు. కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తప్పులు చేస్తాయి కాబట్టి ఒకసారి చదివి దిద్దుకోవాల్సిందే.

ఫైలు సగమే దక్కితే? మిగతా సగం వేరేచోట ఉండొచ్చు. గైడ్‌కు పంపిన మెయిల్, ఫ్రెండ్‌కు పెట్టిన వాట్సాప్, గూగుల్ డ్రైవ్‌లో పాత వెర్షన్ (30 రోజులు లేదా 100 వెర్షన్ల వరకు ఉంటుంది) చూడండి. సేవ్ చేయకుండానే మూసేసిన ఫైలైతే వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్ కింద ‘రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్’ ఉంది. ఎప్పుడో ప్రింట్ తీసిన పాత ప్రతి దొరికినా ఫోన్‌తో స్కాన్ చేసి అక్షరాలు రాబట్టొచ్చు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ చేసిందీ ఇలాంటి పనే. తప్పులతో, చెదలతో ఉన్న తాళపత్ర ప్రతులను ఎన్నో పోగుచేయించి, పండితులను పెట్టి ఒకదానితో ఒకటి పోల్చి దిద్దించారు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించారు. ఒక ప్రతిలో లేనిది ఇంకో ప్రతిలో దొరుకుతుందన్న ఆ లెక్కే ఇక్కడా పనిచేస్తుంది.

ఆన్‌లైన్‌లో ఫైలు అప్‌లోడ్ చేస్తే రిపేర్ చేసిస్తామనే సైట్లు బోలెడు. పేజీ మెనూకైతే పర్లేదు కానీ ఆధార్ నంబర్లు, సర్వేలో పాల్గొన్నవాళ్ల పేర్లు, ఇంకా సమర్పించని థీసిస్ ఉన్న ఫైలును అక్కడ పెట్టడం నా దృష్టిలో తెలివైన పని కాదు. డబ్బులు కట్టే సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటే ముందు డెమోలో మీ వాక్యాలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కనిపించకపోతే కొన్నాకా కనిపించవు.

దీన్లో ఉపాధి ఉందా?

నెట్ సెంటర్, డీటీపీ నడిపేవాళ్లకు ఇది అదనపు సేవ. ఇదొక్కటే బతుకుదెరువు అవుతుందని చెప్పలేం. కానీ కంప్యూటర్స్ చదివేవాళ్లకు మంచి మెట్టు. పైథాన్‌లో జిప్ ఫైళ్లు విప్పడానికి మాడ్యూల్ సిద్ధంగా ఉంది. డిలీట్ అయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్ ఉచితం. ఈ రెండూ చేతికొస్తే డిజిటల్ ఫోరెన్సిక్స్ వైపు అడుగేయొచ్చు. గాంధీనగర్ కేంద్రంగా ఉన్న నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో పీజీ స్థాయిలో ఈ చదువు ఉంది.

మొదలుపెట్టడానికి పాతదేదైనా డాక్‌ఎక్స్ ఫైలు తీసుకుని, దాని కాపీలో చివరి కొంత భాగాన్ని హెక్స్ ఎడిటర్‌తో కత్తిరించండి. వర్డ్ తెరవనంటుంది. ఇప్పుడు 7-జిప్‌తో విప్పి ఎన్ని పేరాలు దక్కాయో లెక్కపెట్టండి. ఒక ఆదివారం సాయంత్రం చాలు.